చెట్టు ఎవరిది? సీతాఫల్‌మండి నుంచి తార్నాక దాకా ఒక సమీక్ష

సీతాఫల్‌మండి రైల్వే స్టేషన్ దగ్గర బయల్దేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయం మీదుగా తార్నాక చౌరస్తాకు నడిచి వెళ్లేవారికి దారిలో చాలా మంది యజమానుల చెట్లు తగులుతాయి. పట్టాల పక్క వేప రైల్వేది. క్యాంపస్ రోడ్డు మీద గొడుగు పట్టిన నిద్రగన్నేరు విశ్వవిద్యాలయానిది. గేటు దాటాక ఫుట్‌పాత్ మీది కానుగ నగరపాలక సంస్థది. మెట్రో స్తంభాల కింది మొక్కలు మెట్రో వారివి. సందులోకి తిరిగితే ప్రహరీ మీంచి వీధిలోకి వాలిన మామిడి ఇంటివారిది. దాని కొమ్మలు రాసుకునే తీగ విద్యుత్ సంస్థది. ఎవరి పెత్తనం వారిదే. నీడ మాత్రం అందరిదీ.

హైదరాబాద్‌లో చెట్లను కాపాడే చట్టం లేదని చాలామంది అనుకుంటారు. చట్టం ఉంది. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. అవన్నీ చెట్టును ఎప్పుడు చూస్తాయన్నదే అసలు సమస్య. కొట్టడానికి ఎవరో దరఖాస్తు పెట్టుకున్న రోజున గానీ చెట్టు చట్టం కంట పడదు. అప్పటికే రోడ్డు నమూనా గీసి ఉంటుంది, టెండరు పూర్తయి ఉంటుంది, గుత్తేదారు యంత్రాలు తెచ్చి ఉంటాడు. ఆ దశలో అధికారి ముందున్న ప్రశ్న ఒక్కటే: అనుమతి ఇవ్వాలా, మరో వారం ఆగి ఇవ్వాలా. ఆ చెట్టును తప్పించి రోడ్డు వేయవచ్చా అన్న ప్రశ్న వేసే అధికారం గానీ, అవకాశం గానీ అతనికి మిగలదు.

మనకున్న ప్రధాన చట్టం వాల్టా. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా దీన్నే కొనసాగించింది. బోర్లు విచ్చలవిడిగా తవ్వి భూగర్భ జలాలు అడుగంటుతున్న కాలంలో పుట్టిన చట్టం కాబట్టి దాని ధ్యాసంతా నీటి మీదే. పేరులో చెట్టుది చివరి స్థానం, అమలులోనూ అంతే. అయినా ఇందులో ఒక గట్టి సూత్రం ఉంది. చెట్టు సొంత స్థలంలో ఉన్నా సరే, ముందస్తు అనుమతి లేకుండా నరకకూడదు. అనుమతి ఇస్తే బదులుగా మొక్కలు నాటాలి. నగరంలో ఈ దరఖాస్తులను అటవీ శాఖ ఆధ్వర్యంలోని వృక్ష సంరక్షణ కమిటీ పరిశీలిస్తుంది. నా పెరట్లో చెట్టు నా ఇష్టం అనే వాదనను పక్కన పెట్టిన చట్టం కాబట్టి దీన్ని తక్కువ చేయకూడదు.

వాల్టా పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. 2021లో సైదాబాద్‌లో నలభై ఏళ్లు దాటిన వేపచెట్టును ఒకరు కొట్టించారు. ఎనిమిదో తరగతి చదివే ఒక కుర్రాడు అది చూసి అటవీ శాఖ నంబరుకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి మొదలును పరిశీలించి రూ. 62,075 జరిమానా విధించారు. పత్రికలు ఆ అబ్బాయిని మెచ్చుకున్నాయి, మెచ్చుకోవలసిందే. కానీ ఆ చెట్టు గురించి ప్రభుత్వానికి తెలిసింది అది నేలకూలాకే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఈ పద్ధతే మన వ్యవస్థకు మూలసూత్రమై కూర్చుంది. చట్టానికి మినహాయింపులు కూడా ఉన్నాయి. సుబాబుల్, యూకలిప్టస్ లాంటి జాతులకు అనుమతి నిబంధనలు సడలించారు. రైతు పొలంలో పెంచి అమ్ముకునే కలపకు అది సబబే. అదే జాబితాను నగరం నడిబొడ్డున పక్షులు గూళ్లు కట్టుకున్న ఖాళీ భూమికి వర్తింపజేస్తే ఏం జరుగుతుందో 2025లో కంచ గచ్చిబౌలిలో చూశాం, ఆ సంగతి తర్వాత చెబుతాను.

వాల్టా ఒకవైపు నిలబడితే దానికి ఎదురుగా 2003 నాటి విద్యుత్ చట్టం ఉంది. ఓవర్‌హెడ్ లైన్లకు అడ్డొచ్చే చెట్టును తొలగించేందుకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ద్వారా ఆదేశం పొందవచ్చని అందులోని 68వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్‌లో ఎవరూ పట్టించుకోని ఒక ఉపవిభాగం ఉంది. లైన్ వేయకముందే ఆ చెట్టు అక్కడ ఉన్నట్టయితే, దానితో సంబంధం ఉన్నవారికి న్యాయమైన పరిహారం ఇవ్వాలి. అంటే ముందొచ్చింది చెట్టా, తీగా అన్న తేడాను మన పార్లమెంటు గుర్తించింది. తార్నాక వీధుల్లోని చాలా చెట్లు అక్కడి తీగల కంటే పెద్దవి. అయితే ఆ సంగతి రుజువు చేయడానికి చెట్టు వయసు ఏ రిజిస్టరులోనైనా ఉండాలి కదా.

ఏటా వానాకాలానికి ముందు విద్యుత్ సిబ్బంది కొమ్మలు కొట్టడానికి వస్తారు. అది అవసరమైన పనే. ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగ మీద పడితే వీధంతా చీకటి అవుతుంది, ప్రాణాలూ పోతాయి. కానీ ఆ పని జరిగే తీరు చూడండి. తీగ ఉన్న వైపు కొమ్మలన్నీ మొదలంటా తెగిపోతాయి, రెండో వైపు అలాగే ఉంటాయి. బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. కొమ్మ మాను నుంచి పుట్టేచోట చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని వదిలి కోస్తే చెట్టు తన గాయాన్ని తానే మూసుకుంటుంది. ఉబ్బుతో సహా చెక్కేసినా, మూరెడు మొండి కొమ్మ వదిలేసినా గాయం మానదు. అందులో వాన నీరు నిలిచి బూజు పట్టి, కుళ్లు మెల్లగా మాను లోపలికి దిగుతుంది. ఇక కింద వేళ్ల సంగతి. ఇక్కడి నేల కొంత లోతుకే మొరం, దాని కింద గ్రానైట్ బండ. వేళ్లు లోతుకు పోలేవు, పక్కలకే పాకుతాయి. కేబుల్ కోసం, మంచినీటి పైపు కోసం ఫుట్‌పాత్ పక్కన తవ్విన ప్రతి కందకం ఆ వేళ్లలో సగాన్ని తెంపుతుంది. పైన మాను చుట్టూ మిగిలిన నేలనూ సిమెంటుతో మూసేస్తారు. హాస్టల్ బోర్డులకు, కోచింగ్ సెంటర్ ప్రకటనలకు మేకులు దిగుతాయి. ఇంటర్నెట్ తీగలు చుట్లు చుట్లుగా కొమ్మకు వేలాడతాయి. నాలుగేళ్ల తర్వాత మే నెల గాలివానకు ఆ చెట్టు ఆటో మీద పడుతుంది. మర్నాడు పత్రికలు 'గాలివానకు కూలిన చెట్టు' అని రాస్తాయి. ఆ చెట్టును కూల్చింది గాలి కాదు, దానికి ముందు నాలుగేళ్ల పాటు నాలుగు శాఖలు చేసిన పని.

దీనికి మందు తెలియక కాదు. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో స్పష్టమైన ఆదేశం ఇచ్చింది. మాను చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలి, మేకులు, బోర్డులు, తీగలు తొలగించాలి. మీటరు అంటే మనిషి చాచిన చేతి దూరం కంటే కొంచెం ఎక్కువ. అంతపాటి మట్టి కూడా మన ఫుట్‌పాత్‌ల డిజైన్లలో కనిపించదు. హైదరాబాద్‌లో ఈ ఒక్క నియమాన్ని కాంట్రాక్టు పత్రాల్లో షరతుగా రాసి, బిల్లు చెల్లించే ముందు తనిఖీ చేస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేకుండానే వేల చెట్ల ఆయుష్షు పెరుగుతుంది.

మరి ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటే, మొక్కలు నాటడంలో చాలానే చేశాయి. 2015 జులైలో మొదలైన హరితహారం రాష్ట్ర పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. 2024లో ఆ పేరు పోయి వన మహోత్సవం వచ్చింది. 2019 నాటి పురపాలక చట్టం, 2020లో జీహెచ్ఎంసీ చట్టానికి చేసిన సవరణ కలిసి పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం కేటాయించాలన్నాయి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న బాధ్యతను ప్రజాప్రతినిధుల మీదా, అధికారుల మీదా పెట్టాయి. దేశంలో ఇంత కచ్చితమైన నిబంధన రాసుకున్న రాష్ట్రాలు అరుదు. హైదరాబాద్‌కు 2021లో 'ప్రపంచ వృక్ష నగరం' గుర్తింపు దక్కింది, 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజూలో ప్రపంచ హరిత నగర పురస్కారమూ వచ్చింది. భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం నగరంలో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు ఉంటే 2021 నాటికి 81.81కి చేరింది.

ఈ అంకెలను నేను కొట్టిపారేయను. కానీ ఇల్లలకగానే పండగ కాదు. ఉపగ్రహం పైనుంచి చూసి చెప్పే పచ్చదనం నగరం అంచుల్లో పెరగవచ్చు, తార్నాక బస్టాపులో తరగవచ్చు. మొత్తం అంకెలో ఆ రెండూ కలిసిపోతాయి. మొక్క బతికిందా అని అడిగే చట్టం మనకు ఉంది. అరవై ఏళ్ల చెట్టు ఈ ఏడాది కూడా అక్కడే ఉందా అని అడిగే చట్టం లేదు. 85 శాతం నిబంధన మొక్కకే గానీ మానుకు వర్తించదు. నాటినవారికి శిలాఫలకం, ఫొటో ఉంటాయి. నీళ్లు పోసినవారికి, చెద వదలగొట్టినవారికి, ఎండుకొమ్మ సరిగ్గా కోసినవారికి ఏమీ ఉండవు. 2021లో రాష్ట్రమంతటా వేపచెట్లు కొమ్మల చివరల నుంచి ఎండిపోతూ వచ్చినప్పుడు ఈ లోటు బాగా తెలిసొచ్చింది. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులని, చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయని శాస్త్రవేత్తలు చెప్పారు. వీధిలో ఏ వేప తెగులుతో ఎండింది, ఏది నిజంగా చచ్చిపోయింది అని చూసి చెప్పే మనిషి మాత్రం వార్డు స్థాయిలో లేడు. వైద్యం చేస్తే మానులు బతుకుతాయని మన రాష్ట్రమే చూపించింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలతో చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు, ఊడలకు ఆసరాలు కట్టారు. పేరున్న మర్రికి అందిన ఆ శ్రద్ధలో పదో వంతు పేరులేని వేపలకు అందినా చాలు.

ఇప్పుడు విశ్వవిద్యాలయం సంగతి. ఉస్మానియా 1918లో మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది వేసి 1939 డిసెంబరులో ప్రారంభించారు. అప్పట్లో దాదాపు 1,600 ఎకరాల ప్రాంగణం. కాలక్రమంలో చుట్టూ రోడ్లు, సంస్థలు, బస్తీలు వచ్చాయి. 2015 మేలో పేదల ఇళ్లకు క్యాంపస్ భూమి తీసుకోవాలన్న ఆలోచనను నాటి ముఖ్యమంత్రి బయటపెట్టినప్పుడు విద్యార్థులు భగ్గుమన్నారు. పేదలకు ఇళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే నగరంలో భూమి అవసరమైన ప్రతిసారీ కళ్లు విశ్వవిద్యాలయాల మీదికే పోవడం కాకతాళీయం కాదు. 2024లో రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వంద ఎకరాలను కొత్త హైకోర్టుకు కేటాయించారు, అక్కడి విద్యార్థులూ రోడ్డెక్కారు. 2025 మార్చి 30న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి ఆపే నాటికి దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. వరసగా సెలవులు వచ్చిన రోజులు చూసుకుని ఈ పని చేశారేమిటని ధర్మాసనం నిలదీసింది.

ఈ మూడింటిలోనూ ఉన్న పోలిక ఏమిటంటే, అవి కాగితం మీద అడవులు కావు. రెవెన్యూ రికార్డుల్లో అవి సంస్థల భూములు, ప్రభుత్వ భూములు. చెట్లు వాటంతట అవే పెరిగాయి, దశాబ్దాల తరబడి ఎవరూ కదిలించలేదు కాబట్టి నిలిచాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇలాంటి భూముల గురించే. యాజమాన్యం ఎవరిదైనా, రికార్డులో ఏమని రాసినా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే. మర్నాడే, డిసెంబరు 13న, కమల్‌నాథ్ కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే. రెండు రోజుల్లో వచ్చిన ఈ రెండు మాటలూ చేర్చి చదివితే ఉస్మానియా నిద్రగన్నేర్ల విషయంలో విశ్వవిద్యాలయం స్థానం ఏమిటో తెలుస్తుంది. 2025 మార్చిలో అడవిలాంటి భూములను గుర్తించే నిపుణుల కమిటీలు వేయాలని రాష్ట్రాలను సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గుర్తింపులో క్యాంపస్ భూములను ఒక్కొక్కటిగా పరిశీలించాలని, ఉస్మానియా దాంట్లో ముందుండాలని నా అభిప్రాయం. ఆర్ట్స్ కాలేజీ ముందరి తోటను కాపాడటం సులువు, అక్కడ ఫొటోలు దిగేవారు ఉన్నారు. రైల్వే లైను వైపు, హాస్టళ్ల వెనకాల బండల మధ్య పెరిగిన తుప్పలకు, సీతాఫలం పొదలకు, తుమ్మలకు అలాంటి దిక్కు లేదు.

పక్క రాష్ట్రాలు ఏం చేశాయో చూద్దాం. మహారాష్ట్ర 1975లోనే పట్టణ వృక్షాలకు ప్రత్యేక చట్టం చేసుకుంది. దాని ప్రకారం ప్రతి నగరానికి వృక్ష ప్రాధికార సంస్థ ఉండాలి, ఐదేళ్లకోసారి చెట్ల లెక్క తీయాలి. 2021 సవరణలో యాభై ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించారు. ఆ చట్టం ఉన్న ముంబైలోనే 2019 అక్టోబరులో హైకోర్టు తీర్పు వచ్చిన రాత్రే ఆరే కాలనీలో నరకడం మొదలుపెట్టి రెండు వేలకు పైగా చెట్లు కొట్టేశారు. కాబట్టి లెక్క ఒక్కటే సరిపోదు. కానీ లెక్క ఉండబట్టే ఎన్ని పోయాయో చెప్పగలిగారు. కర్ణాటక పద్ధతి నాకు ఇంకా నచ్చింది. అక్కడ ప్రజావసరం పేరుతో యాభైకి మించి చెట్లు కొట్టాలంటే ముందు నోటీసు ఇచ్చి జనం అభ్యంతరాలు వినాలి. బెంగళూరులో ఒక స్టీల్ వంతెన ఆలోచనను 2017లో ప్రభుత్వమే విరమించుకుందంటే, చెట్ల కోసం వీధిలోకి వచ్చిన జనమే కారణం.

చెట్టుకు వెల కట్టే ప్రయత్నం కూడా జరిగింది. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం కొట్టాలనుకున్న చెట్ల కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ ఒక చెట్టు విలువను ఏడాదికి రూ. 74,500గా లెక్కవేసింది. ప్రాణవాయువు, ఎరువు, మిగతా మేలు అన్నీ కలిపిన లెక్క అది. 2025 మార్చిలో మథుర ప్రాంతంలో అక్రమంగా కొట్టిన 454 చెట్లకు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను అదే కోర్టు ఖరారు చేసింది. ఆ కమిటీ లెక్కన చూస్తే సైదాబాద్ వేపకు పడిన జరిమానా దాని ఒక్క ఏడాది సేవ విలువకు కూడా రాదు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కథ మన అధికారులు చదవవలసినది. రోడ్ల నిర్వహణను పాతికేళ్ల ఒప్పందంతో ప్రైవేటు కంపెనీకి అప్పగించిన ఆ నగరంలో వేల వీధి చెట్లు కొట్టేశారు. తెల్లవారుజామున పోలీసులు ఇళ్ల తలుపులు తట్టారు, చెట్టు కింద నిలబడిన వృద్ధులను అరెస్టు చేశారు. 2018లో పని ఆగింది. 2023లో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక నగర మండలి జనానికి, కోర్టుకు నిజం చెప్పలేదని తేల్చింది. పని ఆగాక అదే మండలి, అదే జనం కూర్చుని వీధి చెట్ల ప్రణాళిక రాసుకున్నారు. కొట్టాలనుకున్న చాలా చెట్లను కాలిబాట చప్టా కొంచెం మార్చి నిలబెట్టవచ్చని అప్పుడు తేలింది.

మనకు దగ్గర ఉదాహరణ చేవెళ్ల మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి విస్తరణలో దాదాపు తొమ్మిది వందల మర్రులు పోవలసి ఉంది. పౌరులు ఏళ్ల తరబడి ఒక్కో చెట్టునూ కొలిచి, ఫొటో తీసి, హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చివరకు రోడ్డు గీత మారింది, అత్యధిక చెట్లు ఉన్నచోటే మిగిలాయి. మొదటే ఇలా గీసి ఉంటే అన్నేళ్లు పోయేవి కావు, ఆ ఇరుకు రోడ్డు మీద ప్రమాదాల్లో ప్రాణాలూ పోయేవి కావు. వేళ్లతో పెకలించి మరోచోట నాటితే సరిపోతుందనేవారికి ఢిల్లీ లెక్క చూపించాలి. అక్కడ తరలించిన 16 వేల పైచిలుకు చెట్లలో మూడో వంతే బతికాయని 2022లో ప్రభుత్వమే హైకోర్టుకు చెప్పింది.

చెట్ల మీద ప్రేమ పేదవారి దారికి అడ్డుపడకూడదన్న మాటకూ విలువ ఇవ్వాలి. క్యాంపస్ పక్కనున్న మాణికేశ్వర్ నగర్ బస్తీలో ఉండేవారికి అంబులెన్స్ వచ్చే రోడ్డు కావాలి. కుళ్లిన చెట్టు పాఠశాల గోడ మీద వాలి ఉంటే దాన్ని తీయవలసిందే, దానికి నెలల తరబడి అనుమతి ఆపడం మరో రకం నిర్లక్ష్యం. అయితే చెట్టు పోతే ముందు దెబ్బ తగిలేది కూడా ఆ పేదవారికే. కారులో పోయేవారికి తార్నాక చెట్టు కిటికీలోంచి కనిపించే పచ్చదనం. చెప్పులు కుట్టేవారికి, కొబ్బరిబోండాల బండివారికి, ఒంటిగంట ఎండలో బస్సు కోసం నిలబడ్డ హాస్టల్ పిల్లలకు అది పైకప్పు.

ఇక ఏం చేయవచ్చు? చెట్ల రిజిస్టరుకు మనకు చట్టం చేతిలోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య కమిటీ ఉండాలని, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలని చెబుతుంది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడిక పదకొండో అంతర్జాతీయ సదస్సు జరిగింది ఈ నగరంలోనే. ఆ రిజిస్టరులో వీధి చెట్లను ఒక్కొక్కటిగా ఎక్కించాలి: జాతి, చుట్టుకొలత, ఉన్నచోటు, ఆరోగ్యం, బాధ్యత ఏ సంస్థది. సీతాఫల్‌మండి, తార్నాకలకు ఈ పని చేయడానికి బయటి కన్సల్టెంటు అక్కర్లేదు. ఉస్మానియాలో వృక్షశాస్త్ర విభాగం ఉంది, ఏటా ప్రాజెక్టులు వెతుక్కునే పీజీ విద్యార్థులు ఉన్నారు. రైల్వే, మెట్రో, విద్యుత్ సంస్థ, నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయం ఆ ఒక్క పట్టికనే చూడాలి. కొట్టాలన్న ప్రతిపాదన వస్తే నోటీసు ఆఫీసు బోర్డు మీద కాక ఆ చెట్టు మొదలుకే, మేకు లేకుండా తాడుతో, తెలుగులో, ఉర్దూలో కట్టాలి. అభ్యంతరం చెప్పడానికి కనీసం పక్షం రోజులు ఇవ్వాలి. కొమ్మలు కోసే సిబ్బందికి ఏడాదికోసారైనా శిక్షణ ఇవ్వాలి. పది శాతం హరిత బడ్జెట్‌లో కొంత వాటాను ఉన్న చెట్ల వైద్యానికే విడిగా పెట్టాలి.

ఉస్మానియాకు ఇది తక్షణ విషయం. విశ్వవిద్యాలయ అభివృద్ధికి వెయ్యి కోట్ల రూపాయలు ఇస్తామని 2025 డిసెంబరులో ముఖ్యమంత్రి ఆర్ట్స్ కాలేజీ ముందు ప్రకటించారు. హాస్టళ్లు, తరగతి గదులు, రోడ్లు అన్నీ కావాలి. ఎన్నో ఏళ్లుగా ఆ విద్యార్థులు ఎదురుచూస్తున్నారు. వాస్తుశిల్పి చేతికి స్థలం కొలతలు ఇచ్చే రోజునే చెట్ల పటం కూడా ఇవ్వాలి. ప్రతి భవనం నమూనాకూ ఎన్ని చెట్లు ఎక్కడ తగులుతున్నాయో చూపే అనుబంధం ఉండాలి. అది లేని నమూనాను పాలకమండలి టెండరుకు పంపకూడదు. ఆ మేరకు తీర్మానం చేయడానికి పాలకమండలి ఏ కోర్టు ఆదేశం కోసమూ ఆగనక్కర్లేదు.